రాజమండ్రి నుంచా, హైదరాబాద్ నుంచా? విమాన టికెట్ల ధరలు పోల్చుకోవడం ఎలా

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి షికాగోలో ఉంటోంది. ఫిబ్రవరి నెలాఖరుకి పురుడు. సంక్రాంతి వెళ్ళగానే, జనవరి మూడో వారంలో నేనూ మావారూ బయలుదేరి, జులై మొదట్లో తిరిగి రావాలని అనుకుంటున్నాం. వీసాలు వచ్చాయి కానీ టికెట్ల సంగతే తేలడం లేదు. మా అల్లుడు ఒక ధర చెబుతాడు, అమలాపురం ట్రావెల్స్ ఆయన ఇంకొకటి చెబుతారు, మా అన్నయ్య మనవడు ఫోనులో మరొకటి చూపిస్తాడు. రాత్రి చూసిన ధర తెల్లారేసరికి పెరిగిపోయింది. మనం పదేపదే చూస్తున్నామని కనిపెట్టి పెంచుతారట, నిజమేనా? రాజమండ్రిలో విమానం ఎక్కడం మంచిదా, హైదరాబాద్ వెళ్ళి ఎక్కడం మంచిదా? మా ఇద్దరికీ అరవై దాటాయి. ఇంగ్లీషు అంతంత మాత్రం.

సమాధానం: అమ్మా, ముగ్గురు మూడు ధరలు చెప్పినంత మాత్రాన వారిలో ఎవరో మిమ్మల్ని మోసం చేస్తున్నారని అనుకోనక్కరలేదు. మీ అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయ ధర అడిగితే పచ్చికాయకా, కురిడీకా, వెయ్యి కాయలకా అని ఎదురు అడుగుతారు కదా. విమాన టికెట్‌కు కూడా అలా ఎదురు అడగవలసిన ప్రశ్నలు ఉన్నాయి, వాటిని అడగకుండానే అందరూ ధర చెప్పేస్తారు. మీ అల్లుడు హైదరాబాద్ నుంచి రానుపోను ధరను డాలర్లలో చూసి ఉండవచ్చు. ట్రావెల్స్ ఆయన రాజమండ్రి నుంచి లగేజీతో కలిపి చెప్పి ఉండవచ్చు. అబ్బాయి చూపించినది ఒక మనిషికి, ఒక వైపుకు మాత్రమే అయి ఉండవచ్చు. కనుక ముందు ఆ ముగ్గురి చేత ఒకే తేదీలకు, ఇద్దరు మనుషులకు, రానుపోను, రూపాయల్లో, ఒకే ఊరి నుంచి వెతికించండి. అప్పుడు తేడా చాలావరకు కరిగిపోతుంది. మిగిలిన తేడాయే మనం ఆలోచించవలసినది.

ఫోనులో ధరలు చూపించేవి మూడు రకాలు. గూగుల్ ఫ్లైట్స్, స్కైస్కానర్, కయాక్ వంటివి వెతికి పెట్టేవి. అవి ప్రధానంగా టికెట్ ఎక్కడ దొరుకుతుందో చూపించి, కొనడానికి మిమ్మల్ని అక్కడికి పంపుతాయి. మేక్‌మైట్రిప్, క్లియర్‌ట్రిప్, ఇక్సిగో వంటివి అనేక విమాన సంస్థల టికెట్లు అమ్మే దుకాణాలు. మూడోది ఎయిర్‌లైన్ సొంత సైటు. వెతకడానికి మొదటి రకం ఎంతో మంచిది. గూగుల్ 2011లో ఐటీఏ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ కొనుగోలును పూర్తి చేసి, అదే ఏడాది ఈ విమానాల వెతుకులాటను మొదలుపెట్టింది. ఆ ఐటీఏను 1996లో కంప్యూటర్ శాస్త్రజ్ఞులు స్థాపించినది సరిగ్గా ఇలాంటి చిక్కును విప్పడానికే. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళే దారులు, వాటి మీద ధరలు, ఆ ధరలకు ఉన్న షరతులు కలిస్తే లెక్కకు అందనన్ని కలయికలు వస్తాయి. వాటిని క్షణాల్లో జల్లెడ పట్టే పని యంత్రానికి వదలండి. జల్లెడలో మిగిలినదాన్ని పరీక్షించే పని మాత్రం మనమే చేయాలి.

ఇక రాత్రికి రాత్రి పెరిగిన ధర సంగతి. మనం చూస్తున్నామని కనిపెట్టి మన ఒక్కరికే ధర పెంచుతారన్న మాట ఊరూరా వినిపిస్తుంది గాని, దానికి గట్టి ఆధారం లేదు. అసలు జరిగేది వేరు. విమానంలో వెనుక తరగతి (ఎకానమీ) సీట్లన్నీ చూడటానికి ఒకటే అయినా, ఎయిర్‌లైన్ వాటిని అక్షరాలతో గుర్తుపెట్టిన అనేక ధరల మెట్లుగా విడదీస్తుంది. తక్కువ ధర మెట్టులో కొన్ని సీట్లే ఉంచుతుంది. అవి అయిపోగానే పై మెట్టు ధర కనిపిస్తుంది. ఎవరైనా రద్దు చేసుకుంటే, లేదా ఎయిర్‌లైన్ తన అంచనా మార్చుకుంటే, కింది మెట్టు మళ్ళీ తెరుచుకోవచ్చు. దానికి తోడు వెతికి పెట్టే సైట్లు కొద్దిసేపటి క్రితం చూసి దాచుకున్న ధరను చూపించడం కూడా కద్దు. నొక్కి లోపలికి వెళ్ళేసరికి ధర మారిపోవడానికి అది ఒక కారణం.

ఈ మెట్ల పద్ధతి తెలిస్తే మీ ఇద్దరికీ పనికి వచ్చే కిటుకు ఒకటి ఉంది. ఇద్దరికి అని వెతికినప్పుడు, తక్కువ మెట్టులో ఒక్క సీటే మిగిలి ఉంటే, సాధారణంగా యంత్రం ఇద్దరికీ పై మెట్టు ధరే వేస్తుంది. అందుకని ఒకసారి ఒక్కరికి, మరోసారి ఇద్దరికి వెతికి చూడండి. ఒక్కరి ధరను రెండుతో హెచ్చవేస్తే వచ్చినదాని కంటే ఇద్దరి ధర బాగా ఎక్కువగా ఉంటే కారణం అదే. అప్పుడు విడివిడిగా కొనవచ్చు గాని, మీ వయసుకు నేను దాన్ని సలహా ఇవ్వను. రెండు బుకింగులైతే విమానం మారిపోయినప్పుడు ఒకరిని ఒక దానిలోకి, రెండోవారిని మరో దానిలోకి సర్దే ప్రమాదం ఉంటుంది. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరిపి, ఇద్దరికీ తక్కువ మెట్టు దొరికే తేదీ వెతకడం మేలు.

తేదీ జరపడం గురించి చెప్పాలి. గూగుల్ ఫ్లైట్స్‌లో తేదీ గడి మీద నొక్కితే క్యాలెండర్‌లో చాలా రోజుల కింద ధర కనిపిస్తుంది. తేదీల పట్టిక తెరిస్తే వెళ్ళే రోజు ఒక వైపు, వచ్చే రోజు ఒక వైపు వేసి ప్రతి జతకూ ధర చూపుతుంది. పండక్కి వచ్చినవారు తిరిగి వెళ్ళే ఆ వారాంతం ఖరీదుగా ఉండటం, ఆ తరువాత మంగళ, బుధవారాల్లో తగ్గడం తరచుగా చూస్తాం. మంగళవారం ప్రయాణం మీ ఇంట్లో పట్టింపు అయితే దాన్ని మానమని నేను అనను. అయితే హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా వెళ్ళే విమానాలు అనేకం తెల్లవారుజామున లేస్తాయని గుర్తుంచుకోండి. టికెట్ మీద బుధవారం 3 గంటలని ఉంటే మీరు శంషాబాద్‌కు చేరవలసినది మంగళవారం రాత్రి. ఇంటి గుమ్మం దాటేది ఇంకా ముందు. వర్జ్యం, దుర్ముహూర్తం చూసుకునేది గుమ్మం దాటే వేళకే కాబట్టి, ముహూర్తం పెట్టించుకునే ముందు ఈ లెక్క వేసుకోండి. అర్ధరాత్రి దాటిన విమానానికి ఒక రోజు ఆలస్యంగా విమానాశ్రయానికి వెళ్ళి, విమానం నిన్ననే వెళ్ళిపోయిందని తెలుసుకున్నవారు మన జిల్లాల్లోనే ఉన్నారు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. రాజమండ్రిలో ఎక్కాలా, హైదరాబాద్‌లోనా? రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి మీకు దగ్గర, అందుకని మనసు అటే లాగుతుంది. నా జవాబు ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది. రాజమండ్రి నుంచి షికాగో దాకా మొత్తం ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్ఆర్ కింద వస్తుందా, లేక రాజమండ్రి–హైదరాబాద్ ఒక టికెట్, హైదరాబాద్–షికాగో వేరే టికెట్టా?

కొన్నేళ్ళ క్రితం మా అక్క మస్కట్‌లో ఉన్న కొడుకు దగ్గరకు వెళ్తుంటే టికెట్లు నేనే తీశాను. రెండు ముక్కలుగా కొంటే మూడు వేల చిల్లర తగ్గింది. మధ్యలో మూడు గంటల సమయం ఉంది, చాలనుకున్నాను. అది జనవరి. ఆ ఉదయం మధురపూడి మీద మంచు విడవలేదు. విమానం రెండు గంటలకు పైగా ఆలస్యంగా కదిలింది. అక్క శంషాబాద్‌లో దిగి, బెల్టు దగ్గర పెట్టెల కోసం నిలబడి, వాటిని బండి మీద వేసుకుని పై అంతస్తుకు చేరేసరికి మస్కట్ విమానం కౌంటర్ మూసేశారు. మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థకు సంబంధం లేదు. వాళ్ళ లెక్కలో ఆమె రాని ప్రయాణికురాలు, అంతే. టికెట్ డబ్బు మొత్తం పోయింది. ఆత్రేయపురం మామిడి తాండ్ర సంచి ఒళ్ళో పెట్టుకుని ఆమె ఆ రాత్రంతా కుర్చీలో కూర్చుంది. నేను చూసిన ధర తప్పు కాదు, చూడవలసినది చూడకపోవడం తప్పు. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా మొదట చెప్పే మాట ఇదే.

ఒకే టికెట్ అయితే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు తరువాతి విమానంలో పంపించే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. రెండు టికెట్లయితే ఆ బాధ్యత మీది. వెతికి పెట్టే సైట్లు ఇలాంటి జతలను దాచవు. 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' అనో, 'విడి టికెట్లు' అనో చిన్న అక్షరాల్లో రాస్తాయి. తక్కువ ధర పెద్ద అక్షరాల్లో ఉంటుంది కాబట్టి కన్ను ముందు అక్కడికే వెళ్తుంది. ఆ మాట కనిపిస్తే, ఎంత తగ్గినా, మీరు దాన్ని పక్కన పెట్టండి.

లగేజీ లెక్క కూడా ఇక్కడే ఉంది. పురుటికి వెళ్తున్నారు గనుక కాయం, సున్నుండలు, ఆవకాయ, పూతరేకులు, పసిబిడ్డకు మెత్తటి పాత చీరల గుడ్డలు, ఇవన్నీ ఉంటాయి. అమెరికా వెళ్ళే విమానాల్లో చాలా టికెట్లకు మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు ఉచితం. అంటే మీ ఇద్దరికీ 92 కిలోలు. మన దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్‌కు మనిషికి 15 కిలోలే, అంటే ఇద్దరికీ 30. రాజమండ్రి–హైదరాబాద్ ముక్కను విడిగా కొంటే మిగిలిన 62 కిలోలకు కిలో చొప్పున, అదీ కిలోకు వందల రూపాయలు, అదనంగా కట్టవలసి వస్తుంది. రాజమండ్రి నుంచే ఒకే టికెట్ అయితే సాధారణంగా విదేశీ ప్రయాణపు పరిమితే మొదటి నుంచీ వర్తిస్తుంది, పెట్టెలు కూడా నేరుగా ముందుకు వెళ్తాయి. అయితే ఇప్పుడు ఒక్క పెట్టెకే అనుమతి ఇచ్చే చవక టికెట్లు కూడా అమ్ముతున్నారు. అందువల్ల ధర పక్కన పెట్టెల సంఖ్య చూడకుండా రెండు టికెట్లను పోల్చవద్దు. రెండో పెట్టెకు విడిగా కట్టే డబ్బు కలిపితే చవక టికెట్టే ఖరీదైనదిగా తేలడం అరుదు కాదు.

కాబట్టి ఇలా చేయండి. బయలుదేరే చోటు అన్న గడిలో రాజమండ్రి, విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాద్ నాలుగూ ఒకేసారి వేయవచ్చు, గూగుల్ ఫ్లైట్స్ అందుకు ఒప్పుకుంటుంది. రాజమండ్రి నుంచి గాని, గన్నవరం (విజయవాడ) నుంచి ఢిల్లీ మీదుగా గాని ఒకే టికెట్ వస్తే, హైదరాబాద్ ధరతో పోల్చండి. పోల్చేటప్పుడు హైదరాబాద్ ధరకు అక్కడి దాకా వెళ్ళే ఖర్చు కలపండి. రావులపాలెం మీదుగా శంషాబాద్ దాకా కారుకు ఎంత అవుతుందో మీకే బాగా తెలుసు. రైలుకైతే రాత్రి రాజమండ్రిలో గౌతమి ఎక్కితే పొద్దుటికి సికింద్రాబాద్. సెకండ్ ఏసీలో మనిషికి 50 కిలోల లగేజీ ఉచితం గనుక మీ 92 కిలోలూ దానిలో సరిపోతాయి. పగలంతా బంధువుల ఇంట్లో నడుం వాల్చి, రాత్రి విమానాశ్రయానికి వెళ్ళవచ్చు. రైలు రెండు మూడు గంటలు ఆలస్యమైనా కంగారు ఉండదు. ఒకే టికెట్ దొరకకపోతే మీకు నేను చెప్పే దారి ఇదే, రాజమండ్రి–హైదరాబాద్ విమానాన్ని విడిగా కొనవద్దు.

హైదరాబాద్ నుంచి షికాగోకి దోహా, దుబాయి, అబుధాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ వంటి చోట్ల ఒక్కసారి విమానం మారి చేరే దారులు ఉన్నాయి. వెతికేటప్పుడు 'ఒక స్టాపు లేదా అంతకు తక్కువ' అని పెట్టండి. న్యూయార్క్‌లోనో మరో అమెరికా ఊళ్ళోనో దిగి షికాగోకి మారే టికెట్లు ఒక్కోసారి చవకగా కనిపిస్తాయి. వాటితో ఒక చిక్కు ఉంది. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ వరుసలో నిలబడి, పెట్టెలన్నీ తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పగించాలి. జనవరి మంచులో, ఇంగ్లీషు అంతగా రాని ఇద్దరు పెద్దవాళ్ళు, నాలుగు పెట్టెలతో ఆ పని చేయడం నాకు ఇష్టం లేదు. నేరుగా షికాగోలోనే దిగితే బయట అల్లుడు ఉంటారు. అబుధాబిలో మాత్రం ఒక ప్రత్యేకత ఉంది. అక్కడి నుంచి అమెరికా వెళ్ళే ఎతిహాద్ విమాన సంస్థ ప్రయాణికులకు అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అబుధాబిలోనే జరిగిపోతుంది. కనుక అక్కడ మూడు గంటలైనా విరామం ఉన్న టికెట్ చూసుకోవాలి. గల్ఫ్ ఊళ్ళలో ఒకే టికెట్ మీద, విమానాశ్రయం లోపలే మారేవారికి ట్రాన్సిట్ వీసా అక్కరలేదు. యూరప్ మీదుగా అయితే ఆ దేశపు నిబంధనను ఎయిర్‌లైన్ సైటులో చూసిన తరువాతే కొనండి.

మీ అల్లుడిని డాలర్లలో కాకుండా దేశం ఇండియా, కరెన్సీ రూపాయి అని మార్చి చూడమనండి. ఆయన చూసిన ధరా, మీరు చూసిన ధరా ఒకటేనో కాదో అప్పుడే తెలుస్తుంది.

తిరుగు ప్రయాణం గురించి మీరు ఉత్తరంలో ఎక్కువ రాయలేదు గాని, నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది అదే. పురుడు తేదీ మన చేతిలో లేదు. ఇంకొన్ని రోజులు ఉండమని అమ్మాయి అనవచ్చు, ఇక్కడ తొలకరి పనులకు మీవారు ముందే రావలసి రావచ్చు. అమెరికాలో ఎన్నాళ్ళు ఉండవచ్చో అక్కడ దిగినప్పుడు అధికారి నిర్ణయిస్తారు. సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. జులై మొదట్లో అంటే దాని అంచుకు దగ్గరగానే ఉన్నారు, దాటకూడదు. అందుకని తేదీ మార్చుకునే వీలున్న టికెట్ తీసుకోండి. ఒకే విమానానికి మూడు నాలుగు పేర్లతో ధరలు ఉంటాయి. అన్నిటికంటే తక్కువదానిలో తేదీ మార్పుకు పెద్ద రుసుము ఉండటమో, అసలు వీలే లేకపోవడమో ఉంటుంది. దాని పైదానిలో రుసుము తక్కువ, లేదా ఉండదు, ధరల మధ్య తేడా మాత్రం కట్టాలి. లెక్క కోసం, రెండింటికీ మనిషికి ఆరు వేలు తేడా ఉండి, మార్పు రుసుము పదిహేను వేలు అయితే, తేదీ మారే అవకాశం సగానికి సగం ఉన్న మీకు పైదే లాభం. రానుపోను టికెట్ ఒక్కటిగా కొనడం పెద్ద ఎయిర్‌లైన్లలో చాలావరకు రెండు విడి టికెట్ల కంటే తక్కువకు వస్తుంది కూడా.

ఎప్పుడు కొనాలి అంటే, ఫలానా వారం అర్ధరాత్రి చవక అనే సూత్రాలను నమ్మవద్దు. గూగుల్ ఫ్లైట్స్‌లో మీకు కావలసిన విమానాన్ని ఎంచుకుని ధరను గమనించే గుర్తును ఆన్ చేస్తే, మారినప్పుడల్లా మీ మెయిల్‌కు సమాచారం వస్తుంది. ఇంతకు మించి పెట్టలేం అనే మొత్తాన్ని ఇంట్లో ముందే అనుకోండి. ధర దాని లోపలికి రాగానే కొనేయండి, కొన్న తరువాత మళ్ళీ వెతకడం మానేయండి. ఇంకో వెయ్యి తగ్గుతుందని చూస్తూ కూర్చుని పదివేలు ఎక్కువ పెట్టినవారిని చాలామందిని చూశాను.

కొనడం మాత్రం వీలైనంత వరకు ఎయిర్‌లైన్ సొంత సైటులోనే. దుకాణపు సైట్లలో ధర కొంచెం తక్కువగా కనిపించి, చివరి పేజీలో కన్వీనియన్స్ ఫీజు పేరుతో ఇంకొంత కలుస్తుంది. కనుక డబ్బు కట్టే పేజీ దాకా వెళ్ళి, అక్కడి మొత్తాన్ని కాగితం మీద రాసుకుని పోల్చాలి. పేరు ఎప్పుడూ వినని సైటు అందరికంటే ఐదారు వేలు తక్కువ చూపిస్తే ఆశపడవద్దు. విమానం రద్దయినప్పుడు వాళ్ళు ఒకరి మీద ఒకరు చెబుతారు, మధ్యలో మీరు తిరుగుతారు. అమెరికా రాకపోకల విమానాలకు ఇంకో సౌకర్యం ఉంది. ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు నేరుగా ఎయిర్‌లైన్ దగ్గర బుక్ చేస్తే, 24 గంటల లోపు పూర్తి డబ్బుతో రద్దు చేసుకోవడమో, లేదా డబ్బు కట్టకుండా 24 గంటలు ధరను నిలిపి ఉంచడమో, రెండింటిలో ఒక వీలు ఇవ్వాలని అమెరికా రవాణా శాఖ నియమం. రద్దు చేసుకునే వీలు ఇచ్చిన చోట, పేరులో అక్షరం తప్పు పడినా ఆ ఒక్క రోజులో రద్దు చేసి మళ్ళీ కొనవచ్చు.

అమలాపురం ట్రావెల్స్ ఆయనను పక్కన పెట్టమని నేను చెప్పడం లేదు. ఏజెంట్లకు ఒక్కోసారి సైట్లలో కనిపించని ధరలు ఉంటాయి, రాత్రివేళ ఇబ్బంది వస్తే తెలుగులో ఫోను ఎత్తే మనిషి ఉండటం మీకు చిన్న విషయం కాదు. వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా ఆ సేవకు అది సబబే. అయితే ఆయన చెప్పే ధరకు ఏ విమానాలు, ఒకే పీఎన్ఆరేనా, పెట్టెలు ఎన్ని, తేదీ మారిస్తే ఎంత, రద్దు చేస్తే ఎంత వెనక్కి వస్తుంది అన్నవి వాట్సాప్‌లో రాసి పంపమనండి. డబ్బు కట్టాక ఆరు అక్షరాల పీఎన్ఆర్‌ను, మీ ఇంటిపేరును ఎయిర్‌లైన్ సైటులో వేసి, టికెట్ నిజంగా ఖరారైందో లేదో అన్నయ్యగారి మనవడి చేత చూపించుకోండి. ఎక్కడ కొన్నా, కస్టమర్ కేర్ నంబరును మాత్రం గూగుల్‌లో వెతకవద్దు. అక్కడ దొంగ నంబర్లు తిరుగుతున్నాయి, ఓటీపీ అడిగి ఖాతా ఖాళీ చేస్తారు. టికెట్ మీద ఉన్న నంబరుకే చేయండి.

పేర్ల దగ్గర మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా తప్పులు జరుగుతాయి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఫారం దాన్ని చివర అడుగుతుంది. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. మీ ఇద్దరి పాస్‌పోర్టులు తెరిచి పక్కన పెట్టుకుని, అక్కడ ఏ గడిలో ఏముందో ఇక్కడ అదే గడిలో అదే స్పెల్లింగుతో వేయించండి. సర్‌నేమ్ ఖాళీగా ఉంటే ఏం రాయాలో ఎయిర్‌లైన్లు తమ సైటులో చెబుతాయి, ఊహించి వేయవద్దు.

టికెట్ ఖరారైన వెంటనే ఇద్దరికీ వీల్‌చైర్ సాయం కోరండి. సాధారణంగా దానికి డబ్బు తీసుకోరు. నడవలేకపోతేనే అడగాలని మొహమాటపడకండి. మోకాళ్ళ నొప్పులున్న వయసులో పెద్ద విమానాశ్రయాల్లో మైలు దూరం నడవడం కష్టమే కదా. విమానం మారే చోట ఒక మనిషి మిమ్మల్ని ఒక గేటు నుంచి ఇంకో గేటుకు తీసుకువెళ్ళి కూర్చోబెడతారు. ఆ సమయం కూడా కలిసేలా, మధ్యలో కనీసం మూడు గంటల విరామం ఉన్న టికెట్‌నే ఎంచుకోండి. గంటన్నర విరామం ఉన్నది నాలుగు వేలు తక్కువకు వచ్చినా సరే, దాన్ని వదిలేయండి.